గలగలలూ నిగనిగలూ మీ చేతుల్లో పెడుతూ

చిరంజీవులైన మా మనవలకూ మనవరాళ్లకూ, సిడ్నీ పడమటి దిక్కున వెంట్‌వర్త్‌విల్ నుంచి మీ అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది ఏమనగా:

మీరు చల్లగా ఉండాలని, చదువుల్లోనూ ఉద్యోగాల్లోనూ పైకి రావాలని రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకుంటూనే ఉంటాను. ఈ ఉత్తరం నా కడుపున పుట్టినవాళ్ల పిల్లలకు రాయడం మొదలుపెట్టాను గానీ, రాస్తూ రాస్తూ ఉంటే ఇది అందరికీ చెప్పాల్సిన మాటే అనిపించింది. మెల్‌బోర్న్‌లో, బ్రిస్బేన్‌లో, పెర్త్‌లో, అడిలైడ్‌లో తెలుగు ఇంట్లో పుట్టి, ఇంగ్లిషు బడిలో పెరిగి, ‘అర్థమవుతుంది అమ్మమ్మా, మాట్లాడటమే రాదు’ అని మొహమాటంగా నవ్వే ప్రతి బిడ్డా నాకు మనవడే, మనవరాలే. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాయించుకున్నవాళ్లు ఈ దేశంలో 50 వేలు దాటారు. ఎస్‌బీఎస్ రేడియోలో తెలుగు వినిపిస్తోంది, ఆదివారం పూట తెలుగు బడులు నడుస్తున్నాయి, హెలెన్స్‌బర్గ్ కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడిలో మన మాట మారుమోగుతూనే ఉంది. అందుకని తెలుగంతా పోతోందని నేను శోకాలు పెట్టను. ఆ తెలుగులోంచి ఒక్కటి మాత్రం జారిపోతోంది. అది పుస్తకాల్లో పెద్దగా ఉండదు, పరీక్షల్లో అడగరు, కాబట్టి పోతున్నట్టు కూడా ఎవరికీ తెలియడం లేదు. దాని గురించే ఈ నాలుగు మాటలు.

కన్నా, గలగల, జలజల, కిలకిల, నిగనిగ, గరగర, చుర్రుమనడం, గుప్పుమనడం, ఇవి ఎప్పుడైనా నీ నోట పలికాయా? పాఠం చెప్పే మాస్టార్లు వీటిని ధ్వన్యనుకరణ పదాలంటారు. మాకు వాటికొక పేరుందనే తెలియదు, మాటతో పాటు వచ్చేసేవి. నవ్వునే తీసుకో. చంటిపిల్ల కిలకిల నవ్వుతుంది. స్నేహితులు కూడితే పకపక నవ్వుతారు. కొత్త పెళ్లికూతురు ముసిముసిగా నవ్వుకుంటుంది. మాస్టారు నోరు జారితే వెనక బెంచీ కిసుక్కుమంటుంది. ఏడుపుకూ అంతే. కన్నీళ్లు ఆగకుండా కారుతుంటే వలవల, దుఃఖం పట్టలేక ఒక్కసారిగా బయటపడితే బావురుమనడం, ఇంటిల్లిపాదీ కలిసి ఏడిస్తే గొల్లుమనడం. విచిత్రం చూడు, ముసిముసి నవ్వుకు చప్పుడే లేదు. వెలుగుకు అసలే లేదు. అయినా తోమిన ఇత్తడి చెంబు తళతళలాడుతుంది, తోటలో వంకాయ నిగనిగలాడుతుంది, పెళ్లిలో వడ్డాణం ధగధగలాడుతుంది, చుక్కలు మిలమిలలాడతాయి, చమురు అయిపోవస్తున్న దీపం మినుకుమినుకుమంటుంది. ఇందులో ఒక మాట ఇంకోదాని చోట కూర్చోదు. వంకాయ ధగధగలాడిందంటే తెలుగు ఊళ్లో పసిపిల్లాడు కూడా నవ్వుతాడు. కంటికి కనిపించేదాన్ని చెవికి అందించే విద్య ఇది. ఇది మన ఒక్కరి సొత్తేమీ కాదు. ద్రావిడ భాషల నిఘంటువు కూర్చిన ఇద్దరు పండితుల్లో ఒకరైన ఎమెనో 1969లో రాసిన ఒక వ్యాసంలో, ఇలాంటి మాటలు భాషా కుటుంబాల హద్దులు దాటి భారతదేశమంతా పరుచుకున్నాయని చూపించాడు. నీ తమిళ స్నేహితురాలినీ పక్కింటి పంజాబీ పిల్లాడినీ అడిగి చూడు, వాళ్ల నాయనమ్మల నోటా ఇలాంటివే వినిపిస్తాయి. పోగొట్టుకునే పనిలోనూ మనమంతా ఒకే వరసలో ఉన్నాం.

ఒక్కసారి వంటింట్లోకి రా తల్లీ. మా అమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ, లోపల పొయ్యి దగ్గరున్న నాకు తాలింపు నేర్పేది. ఆమెకు మూకుడు కనిపించదు, వినిపిస్తుంది. నూనె కాగాక మినప్పప్పు వేస్తే సన్నగా చిరచిరలాడాలి. ఆవాలు వేయగానే కాసేపు ఊరుకుంటాయి. తరవాత ఒకటి చిట్‌మంటుంది, ఇంకో రెండు అందుకుంటాయి, ఆపైన అన్నీ కలిసి చిటపటలాడతాయి. గింజలోని తడి ఆవిరై పైపొట్టును పగలగొట్టుకుని బయటికొచ్చే చప్పుడది. చిటపటలు పలచబడగానే జీలకర్ర, ఎండుమిర్చి పడాలి. చివర కరివేపాకు వేస్తే దాని తడికి మూకుడు చుయ్యిమనాలి. ఇంగువ గుప్పుమనగానే దించెయ్యాలి, ఆ పైన ఒక్క క్షణం ఆగినా మాడువాసనే. పక్క పొయ్యి మీద పప్పు కుతకుత ఉడుకుతోందంటే చిక్కబడింది, గరిటె పెట్టమని. ఎసరు సలసల కాగుతోందంటే బియ్యం పొయ్యమని. గడియారం లేని వంటింట్లో ఆ మాటలే మాకు గడియారం. ఇప్పుడు మన ఇళ్లలో పొయ్యి మీద రేంజ్‌హుడ్ హోరుమంటూ ఉంటుంది. అది ఆపితే పొగ అలారం మోగుతుందని భయం. ఆ హోరులో ఆవాల చప్పుడు వినపడదు. మీ అమ్మ నీకు తాలింపు నేర్పేటప్పుడు ‘మీడియం ఫ్లేమ్ మీద టూ మినిట్స్’ అంటుంది. కూర చక్కగానే కుదురుతుంది. ఆ మాట మాత్రం నీ దాకా రాదు. చప్పుడూ మాటా ఒకే క్షణంలో చెవిన పడితేనే ఇలాంటి మాట వస్తుంది నాన్నా. పలకమీద రాసి నేర్పితే రాదు.

ఇదంతా ముసలమ్మల చాదస్తమని అనుకోకు. మనిషి మెదడుకు సంబంధించిన పెద్ద సంగతే దీని వెనక ఉంది. 1929లో వుల్ఫ్‌గాంగ్ కోలర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త రెండు బొమ్మలు చూపించాడు. ఒకటి గుండ్రటి వంకరలది, ఇంకోటి మొనలు తేలినది. ‘టకేటే’, ‘బలూబా’ అని అర్థం లేని రెండు పేర్లు చెప్పి, ఏది దేని పేరో చెప్పమంటే, చాలామంది తడుముకోకుండా బలూబాను గుండ్రటిదానికీ టకేటేను మొనలదానికీ పెట్టేశారు. 2001లో మన దక్షిణాది నుంచే వెళ్లిన వి.ఎస్. రామచంద్రన్, ఆయనతో పాటు ఎడ్వర్డ్ హబ్బర్డ్, అదే ఆటను ‘బూబా’, ‘కికీ’ అనే పేర్లతో అమెరికా విద్యార్థులతోనూ తమిళం మాట్లాడేవాళ్లతోనూ ఆడించి, నూటికి 95 మంది దాకా ఒకే జవాబు చెప్పారని రాశారు. అక్షరాల ఆకారం చూసి అలా చెబుతున్నారేమో అన్న అనుమానం ఒకటి ఉండేది. 2013లో నమీబియాలో, రాత అలవాటే లేని హింబా ప్రజలను అడిగితే వాళ్లూ అలాగే జత కలిపారు. 2022లో 25 భాషల్లో 917 మందిని అడిగారు, నూటికి 72 మంది దాకా మళ్లీ అదే మాట. మన సిడ్నీలోనే మెక్వారీ విశ్వవిద్యాలయంలో అనీనా రిచ్ అనే శాస్త్రవేత్త, అక్షరమో అంకో వారం పేరో వినగానే రంగు కనిపించే మనుషుల మీద ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. కొందరిలో అంత గట్టిగా కనిపించే ఆ కలయిక పలచగా మనందరిలోనూ ఉందనీ, భాష పుట్టుకలో దానికీ చోటుందనీ రామచంద్రన్ వాదన.

నువ్వే చూడు. బుడగ, గుండు, ఉండ, బూరె, బొండాం అంటూ ఒక్కొక్కటీ పలుకు. పెదవులు ఎలా గుండ్రంగా ముడుచుకుంటున్నాయో గమనించు. తరవాత కత్తి, చీల, కొక్కి అను. నాలుక ఎలా తెగ్గొట్టి వదులుతోందో తెలుస్తుంది. అన్ని మాటలూ ఇలా కుదరవు. ముల్లు ఎంత గుచ్చుకున్నా పేరు మెత్తగానే ఉంటుంది. కానీ నేను చెబుతున్న ఈ జంట మాటల్లో మాత్రం ఆ పొత్తు గట్టిగా కనిపిస్తుంది. చిన్నదీ తేలికదీ అయితే చి, టి, కి. పెద్దదీ బరువైనదీ అయితే ద, డ, ఢ. ఆవాలు చిటపటలాడతాయి గానీ దబదబలాడవు. కొబ్బరికాయ దబ్బున పడుతుంది గానీ చిటుక్కున పడదు. ఇది ఎవరూ కూర్చుని నాకు నేర్పలేదు, నేనూ ఎవరికీ నేర్పలేదు. నోటికీ చెవికీ కంటికీ మధ్య మనిషి పుట్టుకతోనే ఉన్న దారిని మన భాష తరతరాలుగా నడిచి నడిచి చదును చేసింది.

అయితే నా బెంగ కూడా ఇక్కడే మొదలైంది. ఆ దారి పుట్టుకతో వచ్చినా, నడవకపోతే పూడిపోతుంది. మెల్‌బోర్న్‌లోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్ గాన్, సింగపూర్‌లో పనిచేసిన సూజీ స్టైల్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో ఒక సంగతి బయటపెట్టారు. నేపాల్ కొండల్లో స్యూబా భాష మాట్లాడేవాళ్లను ఇదే ఆట ఆడిస్తే, ఆ జత కుదరలేదు. 1975లోనే పాపువా న్యూగినీలో ఒక తెగ దగ్గరా కుదరలేదని రాసి ఉంది. ఆ ఉత్తుత్తి పేర్లు తమ భాష పలుకుబడిలో ఇమడకపోతే వినేవాళ్లకు వాటిలో ఆకారం తట్టదని వీళ్లిద్దరూ తేల్చారు. అంటే చప్పుడులో రూపం కనిపించాలంటే ఆ చప్పుళ్లు మన చెవికి సొంతమై ఉండాలి. చెవి ఎంత తొందరగా మూసుకుంటుందో తెలుసా బంగారం? 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ పసిపిల్లలను పరీక్షించారు. హిందీలో పళ్ల దగ్గర పలికే త, నాలుక మడిచి పలికే ట, మనకున్నవే. ఇంగ్లిషు ఇళ్లలో పుట్టిన పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో ఈ తేడాను చక్కగా పట్టుకున్నారు. ఏడాది నిండేసరికి చాలామందికి ఆ తేడా వినపడటం మానేసింది. తాతకు టాటా చెప్పే వయసు రాకముందే తాతలోని ‘త’, టాటాలోని ‘ట’ ఒకటైపోతాయన్నమాట.

ఇంకొక ముచ్చట చెబుతాను. బోడో వింటర్, ఆయన తోటి పరిశోధకులు 2022లో ఎన్నో భాషలను పోల్చి చూసి, నాలుక కొన అదిరించి పలికే రకారం గరుకుదనాన్ని చెప్పే మాటల్లో ఎక్కువగా కనిపిస్తుందని చూపించారు. మన మాటలు వరసగా గుర్తుచేసుకో: గరుకు, గరగర, బరక, కరకర, ఒరిపిడి, రంపం. వీటి ఎదురుగా నునుపు, మెత్తన పెట్టి చూడు, వేలితో తడిమినట్టే ఉంటుంది. ఆస్ట్రేలియా ఇంగ్లిషులో రకారానికి నాలుక అదరదు. మాట చివరైతే అసలు పలకరు, ‘కార్’ అన్నది ‘కా’ అయి ఊరుకుంటుంది. అందుకే నువ్వు ‘గరుకు’ అన్నప్పుడు ఆ మాట కూడా నున్నగా వచ్చేస్తుంది. ఇందులో నీ తప్పు ఇసుమంత లేదు. నీ నాలుక ఉన్న చోటి మాటను అది బాగా నేర్చుకుంది. నేను కోరేది ఏమిటంటే, దానికి ఇంకొక నడక కూడా తెలిసి ఉండాలని.

ఎందుకింత పట్టింపు అంటావేమో. నీ ఎదుట ఉన్న మనిషి ఒళ్లు ఏం చెబుతోందో తెలియడానికి. మా ఈడువాళ్లం ఇక్కడ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పక్కన మీలో ఒకరు కూర్చుంటారు. ఒకసారి నాతోపాటు వచ్చిన పిల్లను డాక్టరమ్మ, ‘మీ అమ్మమ్మకు ఎలా ఉందట?’ అని అడిగింది. నేను నడుము కలుక్కుమంటోందని చెప్పాను, కాలు జివ్వున లాగుతోందని చెప్పాను, అరికాళ్లు చిమచిమలాడుతున్నాయని చెప్పాను. పిల్ల కాసేపు నా మొహం చూసి ‘పెయిన్’ అంది. కలుక్కుమంటే కదిలినప్పుడు ఒక్కసారి పొడిచేది. జివ్వుమంటే నరం వెంబడి కిందికి జారేది. చిమచిమ అంటే చర్మం మీద మంటా దురదా కలిసినది. మూడింటికీ వైద్యుడు అడిగే ప్రశ్నలు వేరు. దుబాసీని ఫోనులో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఈ దేశంలో ఉంది, 131 450కి చేస్తే చాలు, అది ఎంతో మంచి సదుపాయం. అవసరమైతే తప్పకుండా వాడుకోండి. కానీ అర్ధరాత్రి పక్క గదిలోంచి తాతయ్య ‘కంట్లో గరగరలాడుతోందిరా’ అంటే దుబాసీ ఉండడు, నువ్వే ఉంటావు. మీలో చాలామంది డాక్టర్లవుతున్నారు, నర్సులవుతున్నారు, ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగాల్లో చేరుతున్నారు. మతి తప్పుతున్న వయసులో మనిషికి తరవాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, చిన్ననాటి మాటలు మిగలడం నేను మా వాళ్లలోనే చూశాను. అప్పుడు వాళ్ల నోట వచ్చేది ఇలాంటి మాటలే. వాటిని అందుకునేవాళ్లు ఇంట్లో ఒక్కరైనా ఉండాలి తల్లీ.

ఇవి మీ దాకా రాకపోవడానికి కారణం మేమే. మీ అమ్మను ఇంగ్లిషు మీడియంలో వేసినప్పుడు, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడమని బడివాళ్లు చెబితే గొప్పగా తలూపాను. ఆ పిల్ల వాన చూసి పరిగెత్తుకొస్తే ‘రెయిన్ వస్తోంది’ అన్నాను. టపటప పడుతోందనో జోరున కురుస్తోందనో అనలేదు. ఇక్కడికొచ్చాక మీకు తెలుగు పోతోందని గుండె గుబేలుమంది. అప్పుడైనా ఏం చేశాను? అక్షరాల పట్టిక తెచ్చి గోడకు తగిలించి, యాభైయారు అక్షరాలూ దిద్దమని కూర్చోబెట్టాను. మీరు బుద్ధిగా దిద్దారు, కాగితం మీద అ, ఆ నిలబడ్డాయి, నోట్లోకి రాలేదు. ‘రా’, ‘తిను’, ‘పడుకో’, ‘హోంవర్క్ అయిందా’ అనేంత వరకే మా ఇంటి తెలుగు కుంచించుకుపోతుంటే చూస్తూ ఊరుకున్నాను. పెద్దదాన్నయ్యుండి నేను చెయ్యాల్సింది చెయ్యలేదు, క్షమించండి.

ఆ అక్షరాలను కూడా నేను ఇంకోలా చూపించి ఉండాల్సింది. మన గుణింతం గుర్తుల్లో కొన్నింటి పేర్లు ఆకారాల పేర్లే కదా. తలమీద పెట్టేది తలకట్టు. ‘ఇ’ కోసం పైన వంపు తిరిగేది గుడి. ‘ఉ’ కోసం పక్కన కొమ్ము. కింద తిరిగేది వట్రసుడి. ‘ఉ’ అంటూ నోటిని అద్దంలో చూసుకుంటూ వేలితో గాలిలో కొమ్ము గియ్యి, చెయ్యీ నోరూ రెండూ వంపు తిరుగుతాయి. మన అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండటానికి తాటాకులు ఒక కారణమని చెబుతారు. గంటంతో ఆకు మీద అడ్డంగా గీత లాగితే ఈనె వెంబడి చీలిపోతుంది కాబట్టి, రాసేవాళ్ల చెయ్యి వంపులకు అలవాటుపడిందట. అలా ఒక చెట్టు ఆకు, ఇనపముల్లు, మనిషి చెయ్యి కలిసి నీ పేరుకు ఒక రూపం ఇచ్చాయి. పట్టికలో అక్షరాలు లెక్కపెట్టించే బదులు ఈ కథ చెప్పి ఉంటే మీకు వాటి మీద ప్రేమ పుట్టేది.

మీరు పుట్టిన ఈ నేల కూడా ఇలాంటి మాటల పుట్టిల్లే, అది మరవకండి. తెల్లవాళ్లు రాకముందు ఇక్కడ 250కి పైగా భాషలుండేవి. మీరు రోజూ వినే కూకబర్రా పిట్ట పేరు, ఈ న్యూ సౌత్ వేల్స్‌లోని విరాజురి ప్రజల ‘గూగూబర’ అనే మాట నుంచి వచ్చింది. పిట్ట కూతనే వాళ్లు పేరుగా పెట్టారు, మనం ‘కా’ అనేదాన్ని కాకి అన్నట్టు. ఎర్రమట్టి ఎడారిలో పిట్జంజజారా భాషలో ల రెండు, న రెండు, ర రెండు, నాలుక నిటారుగా ఉంచి పలికేది ఒకటి, వెనక్కి మడిచేది ఒకటి. మడిచేదాని కింద గీత గీసి రాస్తారు. ఉలురు పేరులోని ‘ర’ అలా మడిచేదే. ద్రావిడ భాషల మీద 1856లో పెద్ద పుస్తకం రాసిన కాల్డ్వెల్, ఈ నేల భాషలకూ మన భాషలకూ పోలికలున్నాయని అప్పుడే అన్నాడు. చుట్టరికం రుజువు కాలేదు గానీ, ణ, ళ పలికే నాలుక ఇక్కడ పరాయిది కాదని తెలిస్తే మీకు ధైర్యంగా ఉంటుంది. విరాజురి పెద్ద స్టాన్ గ్రాంట్ సీనియర్ కథ తప్పక తెలుసుకోండి. నలుగురిలో తన భాష మాట్లాడినందుకు ఆయన తాతను జైల్లో పెట్టారు. ఆ తాత దగ్గర విన్న మాటలను ఆయన మరవలేదు. పెద్దవాడయ్యాక జాన్ రడర్ అనే భాషావేత్తతో కలిసి నిఘంటువు కూర్చారు, ఇవాళ చార్లెస్ స్టర్ట్ విశ్వవిద్యాలయంలో ఆ భాష పాఠంగా నేర్పుతున్నారు. జైలుకు భయపడనక్కర్లేని మనం, ఇంట్లో నలుగురి మధ్య మన మాట మాట్లాడటానికి సిగ్గుపడటం ఏం న్యాయం చెప్పు.

వాసన సంగతీ అంతే. ఎండిన నేల మీద తొలి చినుకులు పడ్డప్పుడు గుప్పుమనే మట్టివాసన మీకూ ఇష్టమే కదా. దానికి ‘పెట్రికోర్’ అని పేరు పెట్టింది ఈ దేశపు శాస్త్రవేత్తలే. సీఎస్ఐఆర్ఓలో పనిచేసిన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో ‘నేచర్’ పత్రికలో రాశారు. ఎండిన రాళ్లనూ మట్టినీ ఆవిరి పట్టి, ఆ వాసననిచ్చే నూనెను వేరుచేశారు. ఉత్తర ప్రదేశ్‌లో మట్టి అత్తరు తీసేవాళ్లు ఆ సువాసనను ఎప్పటినుంచో సీసాల్లో పడుతున్నారని కూడా ఆ వ్యాసంలో చెప్పారు. అందరూ పీల్చి వదిలేసేదానికి ఒక పేరు కావాలని ప్రయోగశాలలో కూర్చున్నవాళ్లకూ తోచిందంటే, పేరున్న అనుభవాన్ని మనిషి ఇంకాస్త నిదానంగా అనుభవిస్తాడన్న నా నమ్మకం వట్టిది కాదు.

ఇక నేను కోరేదేమిటో చెబుతాను, వినండి నాన్నా. తెలుగులో వ్యాసాలు రాయమనను, పద్యాలు బట్టీ పట్టమనను. ఏదైనా చప్పుడు విన్నప్పుడు, వెలుగు చూసినప్పుడు, ఒళ్లు నొచ్చినప్పుడు, అదే క్షణంలో దానికి తెలుగు మాటేమిటో అడగండి. ఫోను చెయ్యండి, వీడియో తీసి పంపండి. ఊళ్లో మీ తాతయ్యకో పెద్దమ్మకో ‘దీన్నేమంటారు?’ అని ఒక చప్పుడు వినిపించి చూడండి, వాళ్లకు కలిగే సంతోషం మీరు ఏ పండక్కి పంపిన చీరా ఇవ్వలేదు. వాళ్లు చెప్పిన మాటను వెంటనే రెండుసార్లు పైకి అనండి. యాస ఇంగ్లిషులా ఉందని ఎవరైనా నవ్వితే, నా పేరు చెప్పి వాళ్లను నా దగ్గరికి పంపండి. తప్పు పలికినా సరే, పలికిన పిల్లలే నాకు ముద్దు.

మాట లేకపోతే మీరే చేసుకోండి. తెలుగులో ఈ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది. ఏ చప్పుడు తీసుకున్నా వెనక ‘మంది’ అని చేర్చితే తెలుగైపోతుంది. దాన్నే రెండుసార్లు పలికి ‘లాడింది’ అంటే ఇంకా తెలుగైపోతుంది. మా ఇంట్లో ఆరేళ్లవాడు పొంగలిలో జీడిపప్పు కొరికి ‘కొటుక్కుమంది అమ్మమ్మా’ అన్నాడు. ఏ నిఘంటువులోనూ నేను చూడలేదు, కానీ అది పుటుక్కు, చటుక్కుల తోబుట్టువని వినగానే తెలిసిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో జీడిపప్పు కొటుక్కుమంటూనే ఉంది. యూకలిప్టస్ బెరడు ఊడి గాలికి కొట్టుకుంటే ఏమంటుంది? ఎండాకాలం సాయంత్రం సికాడాలన్నీ ఒక్కసారి గొంతెత్తితే ఏమంటాయి? బాండై దగ్గర అల వెనక్కి మళ్లేటప్పుడు కాలికింది ఇసుక ఎలా జారుతుంది? గోదావరి ఒడ్డున, కృష్ణ ఒడ్డున పుట్టిన మా భాషకు ఇవి కొత్త. వీటికి మాటలు పెట్టాల్సింది ఈ చెట్ల కింద పెరిగిన మీరు. నేను పెట్టలేను, నా చెవికి ఈ నేల ఇంకా కొత్తే. అలా మీరు పది మాటలు పెట్టినా, అవి ఆస్ట్రేలియా తెలుగువాళ్లు అమ్మభాషకు పెట్టిన చీరసారె అవుతాయి. ఒక భాషను కాపాడటమంటే పాతవి దాచుకోవడంతో సరిపోదు, దానితో కొత్త పని చేయించుకోవాలి. ఆ పని మీరు చెయ్యగలరని నాకు నమ్మకం.

మీ నోరు మంచిదై, చెవి నిమ్మళమై, కన్ను చల్లనై ఉండాలి. మీ ఇళ్లు పిల్లాపాపలతో కళకళలాడాలి. రెండు భాషల్లో నవ్వండి, రెండు భాషల్లో ఓదార్చండి, అవసరమైన చోట రెండింటిలోనూ గట్టిగా మాట్లాడండి. మీరు కట్టిన కొత్త మాటలు నాకు రాసి పంపండి, తెలుగు రాయడం రాకపోతే ఫోనులో చెప్పండి, నా డైరీలో నేను రాసుకుంటాను. ఎదురుచూస్తూ ఉంటాను.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.

దీర్ఘాయుష్మాన్ భవ, దీర్ఘసుమంగళీ భవ అని మనసారా దీవిస్తూ,
మీ అమ్మమ్మ